స్టెంట్ వేసిన నాన్నకి చైనా డాన్‌షెన్ గోలీలు, బ్లాకులు నిజంగా కరుగుతాయా?

తెనాలి_పెద్దమ్మాయి

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మా నాన్నకి 63. పోయిన దసరాకి ముందు ఛాతీలో నొప్పి వస్తే యాంజియో చేసి ఒక స్టెంట్ వేశారు. ఇంకో నాళంలో 50 శాతం పూడిక ఉంది, దానికి ప్రస్తుతం మందులు చాలన్నారు. అప్పటి నుంచి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా), అటోర్వా 40 (కొలెస్టరాల్‌కి), బీపీ బిళ్ల. మా పిన్ని కొడుకు చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు డాన్‌షెన్ గోలీలని నాలుగు సీసాలు తెచ్చాడు. అక్కడ గుండె జబ్బు ఉన్న ముసలివాళ్ల జేబుల్లో ఇవి కనపడుతూనే ఉంటాయట, వార్డుల్లో కూడా వాడతారట. ఆవగింజ కంటే కొంచెం పెద్ద సైజులో గోధుమరంగు గోలీలు. మూత తీస్తే గుప్పున పచ్చకర్పూరం వాసన. పూటకి పది చొప్పున రోజుకి మూడుసార్లు నాలుక కింద పెట్టుకోవాలి. నాన్నకి అవి తెగ నచ్చేశాయి. నెల నుంచి వాడుతున్నారు, మెట్లెక్కితే ఆయాసం తగ్గిందంటున్నారు, "బ్లాకు కరుగుతోందమ్మా, నాకు తెలుస్తోంది" అంటున్నారు.

నెట్‌లో వెతికితే వందల పేపర్లు వస్తున్నాయి, అన్నీ బ్రహ్మాండం అనే అంటున్నాయి. డాక్టర్ గారితో చెప్పడానికి నాన్న ఒప్పుకోవట్లేదు, తిడతారని భయం. ఈ వేరుకి నిజంగా రుజువు ఉందా, లేక మా తమ్ముడి ఉత్సాహమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

బొల్లారం_బాబాయ్

ముందు ఒక్క మాట చెప్పమ్మా. అటోర్వా ఇంకా వేసుకుంటున్నారా? ఆయన వేసుకుంటున్నానని చెప్పడం కాదు, నువ్వు కళ్లారా చూశావా?

మిగతాది సాయంత్రం రాస్తా, షిఫ్టులో ఉన్నాను.

తెనాలి_పెద్దమ్మాయి

వేసుకుంటున్నానంటున్నారు బాబాయ్ గారూ. నేను హైదరాబాద్‌లో ఉంటాను, చూడలేదు. ఎందుకు అడిగారు?

గోంగూర_పచ్చడి

మా మామయ్య ఇలాగే వెల్లుల్లి, నిమ్మరసం, అల్లం మరిగించిన కషాయం ఆరు నెలలు తాగాడు, బ్లాకులు పోతాయని. బ్లాకుల సంగతి తెలియదు కానీ పక్కన కూర్చునేవాళ్లు మాత్రం పోయారు.

బొల్లారం_బాబాయ్

వచ్చాను. నేను డాక్టర్ని కాను, బల్క్ డ్రగ్ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తున్నాను, మేము చేసేవాటిలో స్టాటిన్లు (అటోర్వా లాంటి కొలెస్టరాల్ మందులు) కూడా ఉన్నాయి. కాబట్టి నాకు స్టాటిన్ పక్షపాతం ఉందనుకున్నా ఫర్వాలేదు, ముందే చెప్పేస్తున్నా.

డాన్‌షెన్ అంటే సాల్వియా మిల్టియోరైజా అనే మొక్క వేరు. మన తులసి, పుదీనా కుటుంబమే. వేరు ఎర్రగా ఉంటుంది, ఆ పేరులో 'డాన్' అంటే ఎరుపని అర్థం. చైనా పాత మూలికా గ్రంథాల్లోనే ఉంది, కదలకుండా నిలిచిపోయిన రక్తాన్ని కదిలిస్తుందని వాళ్ల వైద్యం చెప్పే మాట. మీ తమ్ముడు తెచ్చినవి ఒట్టి డాన్‌షెన్ కూడా కావు, అందులో సాన్‌చీ అనే ఇంకో వేరు, బోర్నియాల్ కలుస్తాయి. ఆ పచ్చకర్పూరం వాసన బోర్నియాల్‌దే.

ఇక రుజువు అన్నావు కదా, రుజువుల్లో రకాలున్నాయి, అసలు తిరకాసంతా అక్కడే. నాళం గోడలోకి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్టరాల్, దూరుతుంది, అక్కడ ఆక్సీకరణం చెందుతుంది, దాన్ని తినడానికి వచ్చిన తెల్లకణాలు తిని తిని ఉబ్బి నురగ కణాలుగా మారి అక్కడే చచ్చి పేరుకుంటాయి, పూడిక అలా మొదలవుతుంది. డాన్‌షెన్‌లో ఉండే టాన్షినోన్ 2ఏ, సాల్వియానోలిక్ యాసిడ్ బి లాంటివాటిని గాజు పాత్రలోని కణాల మీద పోస్తే ఈ ఆక్సీకరణం తగ్గుతుంది, నురగ కణాలు తగ్గుతాయి. పూడిక త్వరగా వచ్చేలా ఒక జన్యువు తీసేసిన ఎలుకలకి ఇస్తే వాటి నాళాల్లో పూడిక తగ్గుతుంది. ఇది అబద్ధం కాదు, చాలా ల్యాబుల్లో చూశారు. నీకు కనపడుతున్న వందల పేపర్లలో చాలా భాగం ఇవే. కానీ టాన్షినోన్ నోటితో తీసుకుంటే పేగు నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ, నీళ్లలో సరిగ్గా కరగదు, చేరినదాన్ని కూడా శరీరం త్వరగా మార్చేస్తుంది. గాజు పాత్రలో పోసినంత మోతాదు మీ నాన్న నాళం గోడ దాకా వెళ్తుందని ఎవరూ చూపించలేదు.

మనుషుల మీద ఏముందంటావా. 2015లో నెదర్లాండ్స్‌లో ఒక చిన్న పరీక్ష జరిగింది, కొలెస్టరాల్, బీపీ రెండూ ఉన్న 20 మందికి నాలుగు వారాలు డాన్‌షెన్ నీటి సారం, నాలుగు వారాలు ఉత్తుత్తి మాత్ర, ఎవరికి ఏది ఎప్పుడు ఇస్తున్నారో ఇచ్చేవాళ్లకీ తెలియదు, వేసుకునేవాళ్లకీ తెలియదు. బీపీ తగ్గలేదు, నాళాల పనితీరు మారలేదు, ఎల్‌డీఎల్ అయితే డాన్‌షెన్ వేసుకున్నప్పుడే కొంచెం ఎక్కువ ఉంది! ఇరవై మందే కదా అని తీసిపారేయొచ్చు, ఒప్పుకుంటా. హాంకాంగ్‌లో డాన్‌షెన్‌కి గెగెన్ అనే ఇంకో దుంప కలిపి గుండె జబ్బు ఉన్న 100 మందికి ఇస్తే మెడ నాళం గోడ మందం కొద్దిగా తగ్గింది. తర్వాత అదే మిశ్రమం మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకి ఏడాది ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుండెపోటు వచ్చినవాళ్లకి డాన్‌షెన్ ఇచ్చిన పరీక్షలన్నీ కాక్రేన్ వాళ్లు (వైద్య పరీక్షలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) 2008లో జల్లెడ పట్టారు, ఆరు పరీక్షలు, మొత్తం 2,368 మంది. ప్రాణాలు కాపాడుతుందని చెప్పడానికి ఆధారం చాలదు, పరీక్షల నాణ్యత కూడా అంతంతమాత్రం అని తేల్చారు.

మీ నాన్న వాడే గోలీలు ఇంకో మెట్టు ఎక్కాయి, అది చెప్పకపోతే అన్యాయం. అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం కోసం టీ89 అనే పేరుతో ఫేజ్ 3 దాకా, అంటే ఆమోదానికి ముందు జరిగే పెద్ద పరీక్షల దాకా, వెళ్లాయి. మూలికా మందుల్లో ఆ మాత్రం ధైర్యం చేసినవి తక్కువ. కానీ అక్కడ కొలిచింది పూడిక కాదు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నడవగలుగుతున్నారు అనేది. ఎఫ్‌డీఏ ఆమోదం ఇంకా రాలేదు. అంటే తయారు చేసే కంపెనీయే దీన్ని ఛాతీ నొప్పి మందుగా చూపించుకుంటోంది, బ్లాకు కరిగించే మందుగా కాదు. మీ నాన్నకి ఆయాసం తగ్గడం నిజమే కావచ్చు, బ్లాకు కరిగిందనడం మాత్రం ఆయన సొంత కవిత్వం.

వేపచెట్టు_నీడ

బాబాయ్ గారూ, మీ పక్షపాతం ముందే ఒప్పుకున్నందుకు సంతోషం. కానీ ఒకటి అడుగుతాను. వేల ఏళ్లుగా కోట్లమంది వాడిన వేరుకి 20 మంది మీద పరీక్ష చేసి పనికిరాదనడం ఏం సైన్సండి? వేరుకి పేటెంట్ రాదు, కాబట్టి ఎవరూ డబ్బు పెట్టరు, డబ్బు పెట్టరు కాబట్టి రుజువు రాదు, రుజువు లేదు కాబట్టి మీరు నవ్వుతారు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? చైనా మూలికలోంచే కదా, తూ యూయూ గారికి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. మన గుగ్గులు సంగతి చూడండి, సుశ్రుతుడు చెప్పిన మేదోరోగం లక్షణాలు, నాళాల్లో కొవ్వు, అంతా ఒకటే.

బొల్లారం_బాబాయ్

గుగ్గులు ఎత్తారు కాబట్టి చెప్తానండి, ఎందుకంటే డాన్‌షెన్ కథ మన ఇంట్లో ముందే జరిగిపోయింది. 1960ల్లో బనారస్ హిందూ యూనివర్సిటీలో సత్యవతి గారు మీరు చెప్పిన ఆ సుశ్రుతుడి మాట పట్టుకునే కుందేళ్ల మీద గుగ్గులు పరీక్షించారు, కొవ్వు తగ్గింది. తర్వాత లక్నోలోని మందుల పరిశోధన సంస్థ సీడీఆర్ఐ దాని సారాన్ని గుగులిపిడ్‌గా తయారుచేస్తే 1980ల్లో మన దేశంలో మందుగా ఆమోదం కూడా వచ్చింది, మన దగ్గర చేసిన పరీక్షల్లో కొలెస్టరాల్ బాగానే తగ్గింది. 2003లో అమెరికాలో 103 మందికి ఎనిమిది వారాలు ఉత్తుత్తి మాత్రతో పోల్చి ఇచ్చారు. ఎల్‌డీఎల్ తగ్గకపోగా నాలుగైదు శాతం పెరిగింది, కొంతమందికి ఒంటి మీద దద్దుర్లు. రెండు దేశాలు, రెండు మూలికలు, ఇంటి దగ్గర చేస్తే తగ్గింది, బయట చేస్తే పెరిగింది. మనవాళ్లు అబద్ధం చెప్పారని కాదు, తిండి వేరు, మనుషులు వేరు కావచ్చు, కానీ నాకైతే ఆ రోజు నుంచి కుందేళ్ల మీద నమ్మకం తగ్గింది.

ఆర్టెమిసినిన్ నా వైపు సాక్ష్యమండి, మీ వైపు కాదు. తూ యూయూ గారు కషాయం కాచి ఇచ్చి ఊరుకోలేదు. పాత గ్రంథంలో ఆ ఆకుని చన్నీళ్లలో నానబెట్టి పిండమని ఉంటే, వేడికి మందు చెడిపోతోందేమోనని పట్టుకుని, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసి, ముందు తన మీద తను పరీక్షించుకుని, తర్వాత రోగులకి ఇచ్చారు. వేరూ ఆకూ నాకు శత్రువులు కావు, స్టాటిన్ మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది, జపాన్‌లో అకిరా ఎండో గారు 1973లో బూజులోంచి తీశారు. తేడా ఏంటంటే ఆ కోవలోని సిమ్వాస్టాటిన్‌ని 4,444 మంది గుండె రోగుల మీద ఐదేళ్ల పైన పరీక్షించి 1994లో ఫలితం చెప్పారు, చావులు 30 శాతం తగ్గాయి. ఎల్‌డీఎల్ తగ్గడం కాదండీ, చావులు.

డబ్బు పెట్టరు అన్నమాట ఇప్పుడు చైనాకి వర్తించదు. తోంగ్‌షిన్‌లువో అని ఇంకో మందుంది, దాంట్లో డాన్‌షెన్ లేదు. అందులో జిన్‌సెంగ్‌తో పాటు జలగ, తేలు, జెర్రి, బొద్దింక జాతి పురుగు పొడులుంటాయి. దాని పరీక్ష 2023లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది, పెద్ద గుండెపోటు వచ్చిన దాదాపు 3,800 మంది, చైనాలో 124 ఆసుపత్రులు. మామూలు చికిత్సకి తోడుగా ఇస్తే నెల రోజుల్లో మళ్లీ గుండెపోటు, స్ట్రోక్, చావు లాంటివి 5.2 నుంచి 3.4 శాతానికి తగ్గాయి. బయటి దేశంలో ఇంకొకళ్లు చేసి చూపించాలి, అప్పుడు నేనే ముందు చప్పట్లు కొడతా. డాన్‌షెన్‌కి కావలసింది సరిగ్గా ఇలాంటి పరీక్షే, అది లేదు.

గోంగూర_పచ్చడి

తేలు, జెర్రి, బొద్దింక... మా హాస్టల్ సాంబారు తిన్నవాళ్లకి అందుకేనేమో ఇంతవరకు గుండెపోటు రాలేదు.

హార్బిన్_చలి

నేనూ చైనాలోనే ఎంబీబీఎస్ చేశాను, ఇప్పుడు ఇంటర్న్‌షిప్ మన దగ్గర. తమ్ముడు చెప్పింది నిజమే, అక్కడ పెద్దాసుపత్రి వార్డుల్లో కూడా డాన్‌షెన్ ఇంజెక్షన్ సెలైన్‌లో ఎక్కిస్తారు, నేను స్వయంగా చూశాను. కానీ అతను ఒక ముక్క చెప్పలేదు. అదే రోగికి స్టెంట్ వేస్తారు, యాస్పిరిన్ ఇస్తారు, స్టాటిన్ ఇస్తారు, వాటి పక్కన ఇది ఒకటి వేలాడుతుంటుంది. మా ప్రొఫెసర్ ఒకాయన్ని అడిగితే "రోగి అడుగుతాడు, బీమా ఇస్తుంది, నేనెందుకు కాదనాలి" అని నవ్వారు. అక్కడ వాడుతున్నారు అనడం వేరు, దానివల్లే నయమవుతోంది అనడం వేరు అని నాకు ఆ రోజు అర్థమైంది.

ఇంకోటి, అక్కడి నుంచి వచ్చే ట్రయల్ పేపర్లని కొంచెం ఉప్పు చల్లుకుని చదవాలి. 1998లోనే ఆక్యుపంక్చర్ ట్రయల్స్ దేశాలవారీగా లెక్కేస్తే చైనా నుంచి వచ్చినవన్నీ సక్సెస్సే, ఒక్కటీ ఫెయిల్ లేదు. అన్ని పరీక్షల్లోనూ ఫస్ట్ క్లాస్ వచ్చే కుర్రాణ్ణి చూస్తే మనకి అనుమానం రాదూ? 2015లో వాళ్ల ప్రభుత్వమే మందుల కంపెనీలని మీ ట్రయల్ డేటా మీరే ఒకసారి సరిచూసుకోండని 1,622 దరఖాస్తులకి నోటీసులిస్తే చాలామటుకు వెనక్కి తీసేసుకున్నారు. అవి అన్ని రకాల మందులవీ, మూలికలవే కాదు. ఇప్పుడు పరిస్థితి మెరుగైంది, బాబాయ్ గారు చెప్పిన జామా పేపరు అందుకు సాక్ష్యం.

డల్లాస్_నర్సమ్మ

అందరూ పనిచేస్తుందా లేదా అనే కొట్టుకుంటున్నారు, నాకు టెన్షన్ వేరే చోట. డాన్‌షెన్ రక్తాన్ని పలచన చేసే మందులతో కలిస్తే ప్రమాదం. 1990ల్లోనే హాంకాంగ్ డాక్టర్లు రాశారు, వార్ఫరిన్ వాడుతున్న రోగులు ఇంట్లో డాన్‌షెన్ కూడా వేసుకుని ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచనైందో చెప్పే లెక్క) విపరీతంగా పెరిగి రక్తస్రావంతో ఆసుపత్రికి వచ్చారని. మన దగ్గర వాల్వు మార్చినవాళ్లకి ఎసిట్రోమ్ రాస్తారు కదా, అదీ వార్ఫరిన్ చెల్లెలే. ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా ఎసిట్రోమ్ ఉంటే డాన్‌షెన్ జోలికి అస్సలు వెళ్లకండి. డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్లకి రక్తపరీక్ష లెక్క కూడా తప్పుగా రావచ్చు, కొన్ని రకాల పరీక్షలు డాన్‌షెన్‌ని చూసి డిగాక్సిన్ అనుకుంటాయి.

మీ నాన్నగారికి ఎసిట్రోమ్ లేదు, సరే, కానీ ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉన్నాయి. వాటి మీద ప్లేట్‌లెట్లని ఇంకాస్త మందగింపజేసేది మూడోది. పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి రక్తం వస్తోందా, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు పడుతున్నాయా, విరేచనం నల్లగా అవుతోందా అడగండి. పన్ను పీకించుకోవాలన్నా, ఏ ఆపరేషన్ అన్నా ముందు ఈ గోలీల సంగతి తప్పక చెప్పాలి. డాక్టర్ తిడితే తిట్టించుకోమనండి అండి, తిట్టుకి రక్తం కారదు.

బొల్లారం_బాబాయ్

నర్సమ్మ గారు చెప్పింది నేను రాసినదానికంటే ముఖ్యం. అమ్మాయ్, అటోర్వా సంగతి ఏమైంది?

తెనాలి_పెద్దమ్మాయి

బాబాయ్ గారూ, మీరు ఎందుకడిగారో ఈ శనివారం అర్థమైంది.

ఊరెళ్లాను. నాన్న బజారుకి వెళ్లినప్పుడు మందుల డబ్బా తీసి చూశాను. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లెక్క సరిగ్గా ఉన్నాయి. అటోర్వా స్ట్రిప్పులు రెండు, ఒకటి నిండుగా, రెండోదాంట్లో మూడే చింపి ఉన్నాయి. బిల్లు తారీఖు చూసి వేళ్ల మీద లెక్కేస్తే ఇరవై ఆరు రోజులుగా వేసుకోవట్లేదు. అమ్మని అడిగితే తల వంచుకుంది. పిక్కలు లాగుతున్నాయని, ఇంగ్లీషు మందు కండరాలు తినేస్తుందని ఎవరో చెప్పారని, డాన్‌షెన్ ఉంది కదా ఇంక అదెందుకని ఆపేశారట. నాకు చెప్తే గొడవ చేస్తానని ఇద్దరూ దాచారు.

గొడవ చేశాను కూడా. సోమవారం బలవంతంగా లిపిడ్ ప్రొఫైల్ చేయించాను. ఆపరేషన్ తర్వాత 64 ఉన్న ఎల్‌డీఎల్ ఇప్పుడు 138.

బొల్లారం_బాబాయ్

అదే నా భయం. వేరు హాని చేయడం ఒకెత్తు, వేరు వచ్చి అసలు మందుని బయటికి తోసేయడం ఇంకో ఎత్తు, నేను చూసినంతలో రెండోదే ఎక్కువ. పిక్కల నొప్పి మాటకొస్తే, స్టాటిన్ నొప్పులు భరించలేక మానేసిన 60 మందికి లండన్‌లో ఒక నెల స్టాటిన్, ఒక నెల ఉత్తుత్తి మాత్ర, ఒక నెల ఏమీ లేకుండా ఏడాది పాటు మార్చి మార్చి ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చింది. మీ నాన్న నొప్పి అబద్ధమని కాదు, నొప్పి నిజమే, స్టాటిన్‌దేనా అనేది తేల్చుకోవాలి, కండరాలు దెబ్బతింటున్నాయేమో చూసే సీకే అనే రక్తపరీక్ష ఉంటుంది, డాక్టర్ని అడగండి. మోతాదు తగ్గించొచ్చు, వేరే స్టాటిన్‌కి మార్చొచ్చు, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్టరాల్ మందు కలపొచ్చు, దారులు చాలా ఉన్నాయి.

వేపచెట్టు_నీడ

అమ్మా, నేను మూలికల పక్షమే కానీ మా వైద్యులు కూడా నడుస్తున్న మందు చెప్పకుండా ఆపమనరు. నాన్నగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. స్టాటిన్ ఇష్టం లేకపోతే ఎర్ర ఈస్టు బియ్యం అని ఒకటుంది, దాంతో చైనాలో 4,870 మంది గుండె రోగుల మీద పరీక్షించి మళ్లీ గుండెపోట్లు సగం దాకా తగ్గాయని 2008లో రాశారు, అదైనా అడగండి.

బొల్లారం_బాబాయ్

ఆ పరీక్ష నిజమేనండి, బాగా చేసిందే. కానీ ఆ బియ్యంలో ఉన్న మోనాకొలిన్ కె అంటే లోవాస్టాటిన్, అణువు అణువు అదే. స్టాటిన్ వద్దనుకుని స్టాటినే తిన్నట్టు, అదీ సీసాకో మోతాదు. 2024లో జపాన్‌లో ఎర్ర ఈస్టు బిళ్లల్లో వేరే బూజు విషం కలిసి ఎంతమందికి కిడ్నీలు పాడయ్యాయో పేపర్లో చూసే ఉంటారు. బూజు మందే తినాలంటే మేము తూకం వేసి చేసిన బూజు తినండి.

తెనాలి_పెద్దమ్మాయి

అప్‌డేట్. నిన్న డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం. సీసా కూడా పట్టుకెళ్లాను. ఆయన తిట్టలేదు, మూత తీసి వాసన చూసి "ఇది నాలుగో సీసా ఈ ఏడాది నాకు" అన్నారు. గోలీలు ఆపేయమన్నారు, సీకే మామూలుగానే వచ్చింది, అటోర్వా బదులు రోసువాస్టాటిన్ 10, రాత్రి పూట. ఆరు వారాల తర్వాత మళ్లీ లిపిడ్ పరీక్ష. చిగుళ్ల రక్తం గురించి నర్సమ్మ గారు చెప్పినట్టే అడిగితే, నెల నుంచి బ్రష్ ఎర్రగా అవుతోందని నాన్న అప్పుడు బయటపెట్టారు.

ఆయాసం ఎందుకు తగ్గిందని నాన్నే అడిగారు. రోజూ గోలీలు నాలుక కింద పెట్టుకుని కాలవ గట్టు మీద అరగంట నడిచేవారట, మందు ఒంటికి పట్టాలని. డాక్టర్ గారు ఆ నడక మాత్రం ఆపొద్దన్నారు.

మిగిలిన రెండు సీసాలు తమ్ముడికి తిరిగి ఇచ్చేద్దామంటే నాన్న ఒకటి ఉంచమన్నారు, తినను, బీరువాలో బట్టల మధ్య పెడతాను, వాసన బాగుంది అని. తాళం చెవి అమ్మ దగ్గర పెట్టించి వచ్చాను.